తెల్ల బండి, నాలుగు బకెట్ల నీళ్లు

రోజారమణి గారి ఫోన్ వచ్చేసరికి నా రెండు చేతుల నిండా కవళ్ల చేపల పొలుసులే. మోచేత్తో ఫోన్‌ని గట్టు మీద ఎదురుగా జరుపుకుని, ముక్కుతో పచ్చ గుండ్రం నొక్కాను. నిజంగానే, ముక్కుతోనే.

"ధనశ్రీ గారూ, క్యారేజీలు ఖాళీగా వచ్చాయండీ," అందావిడ. "మా ఆడపిల్లలు గిన్నె అడుగు కూడా వదల్లేదు. మూడు హాస్టళ్లకీ చేప మీరే వేసేయండి. సోమవారం నుంచి."

నేను "అమ్మా!" అని ఎంత గట్టిగా అరిచానంటే, చేపల కోసం కాచుకున్న పిల్లి గోడ దూకి పారిపోయింది.

"ఆగండాగండి. పొద్దున్న ఆరున్నరకల్లా చేప వంటింటి గుమ్మంలో దిగాలి. బండి మీ సొంతమై ఉండాలి. ఇంతకు ముందతను అద్దె ఆటోని నమ్ముకున్నాడు. అది రాని రోజున నా పిల్లలు చారన్నం తిన్నారు. ఇంకోటి, మూడో హాస్టల్ సందు చూశారుగా? లోపల బండి తిప్పడానికి చోటు లేదు. మెయిన్ రోడ్డు నుంచి వెనక్కి నడుపుకుంటూ రావాల్సిందే. సందు మొదట్లో తొట్టెలు దించేసి పోతానంటే కుదరదు. మా వంటామెకి మోకాళ్ల నొప్పులు."

"ముందుకైనా, వెనక్కైనా, ఎలాగైనా వచ్చేస్తామండీ!" అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశానో!

కిందటి వారం ఈ కథని నేను, ద్వారకా నగర్‌లో ఆడపిల్లల హాస్టళ్లు నడిపే రోజారమణి గారికి రుచి చూడమని పంపిన మూడు క్యారేజీల దగ్గర వదిలాను. ఇవాళే కొత్తగా చదువుతున్నవారికి మా సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మాకు పెళ్లయి నలభై మూడు రోజులు. సముద్రంలో వేట నిషేధం ఉండే రెండు నెలల్లోనే మా వాళ్ల పెళ్లిళ్లు ఎక్కువ జరుగుతాయి, మగవాళ్లు ఒడ్డున దొరికేది అప్పుడే కాబట్టి. మా ఆయన దొరబాబు మరపడవ మీద కళాసీ. వేటకెళ్తే పదిహేను, ఇరవై రోజులు నీళ్ల మీదే. ఈ ఆదివారంతో నిషేధం ముగుస్తుంది. పడవ నడిపే వీరన్న మామ, "వస్తావో రావో శనివారం సాయంత్రానికి సెప్పీరా, నానింకొకడ్ని సూసుకోవాల," అన్నాడు. ఇవాళ శుక్రవారం. ఒడ్డున ఉండి బతకాలంటే హాస్టళ్లకు చేపలు వెయ్యాలి. చేపలు వెయ్యాలంటే బండి కావాలి. బండి దొరికితే మా ఆయన రోజూ సాయంత్రం ఇంటికొస్తాడు. నాకు కావాల్సింది అంతే.

చేతులు కడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తాను. దొరబాబు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"బావా! ఇచ్చేశారు!"

"ఏటిచ్చీసారు?"

"మూడూ! మూడు హాస్టళ్లూ!"

వల వదిలేసి, వీధంతా చూస్తుండగా నన్ను ఎత్తి గిర్రున తిప్పేశాడు. పొలుసులు ఇద్దరికీ అంటుకున్నాయి. ఎదురింటి వాళ్లు చప్పట్లు కొట్టారు. మా అత్త పోతమ్మ మాత్రం గుమ్మంలోంచి కేకేసింది.

"ఒరే గుంటడా, దింపరా దాన్ని! ముందు బండి, తరవాత గిరగిరలు."

బండి విషయంలో మూడు వారాలుగా మా ఇంట్లో రోజూ సభ జరుగుతోంది. దొరబాబుకి పెద్ద పికప్పు కావాలి. ముందు ముక్కు పొడుగ్గా, ఎత్తుగా ఉండేది. "దాన్లో కూకుంతే లారీలో కూకున్నట్టుంటాది ధనా. ఎదుటోడు హారన్ కొట్టకుండానే తప్పుకుంతాడు," అంటాడు. నేను ద్వారకా నగర్ వెళ్లి మూడో హాస్టల్ సందుని నా పాత చున్నీతో కొలిచి వచ్చాను. చున్నీ పొడవు కంటే జానెడు తక్కువ. అక్కడ ముడి వేసి, ఆ ముడి ఇంట్లో చూపించాను. పెద్ద పికప్పు అద్దాలు ముడుచుకున్నా అందులో దూరదు. పోనీ మూడు చక్రాల బండి చవకగా వస్తుంది కదా అంటే, ఐసు పెట్టెలు రెండు పెట్టాక చేపలకు చోటుండదు. అటు పెద్దదీ కాక, ఇటు చిన్నదీ కాక మిగిలింది నాలుగు చక్రాల బుల్లి పికప్పు. ముక్కు ఉండదు. డ్రైవరు కాళ్ల ముందే రోడ్డు మొదలవుతుంది. వెనక తొట్టిలో రెండు ఐసు పెట్టెలు, పది చేపల తొట్టెలు పడతాయి. ఎంత బుల్లిదో చెప్పనా? రెండే సీట్లు!

ఆ మాట మొదటిసారి విన్నప్పుడే నాకు ఆ బండి నచ్చేసింది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు, కిటికీలోంచి గాలి, లోపల ఇద్దరమే. మూడో మనిషికి చోటే లేదు. కంపెనీ వాళ్లు కొత్తగా పెళ్లైన వాళ్లని దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారు చేసి ఉంటారు.

అలాంటిదొకటి గాజువాకలో అమ్మకానికి ఉందని ఆటోనగర్‌లో మెకానిక్కుగా పనిచేసే దొరబాబు స్నేహితుడు గురువులు మొన్ననే చెప్పాడు. "ఆరేళ్ల బండి. కుర్చీలు తప్ప ఏటీ మొయ్యలేదంట బావా." ముగ్గురం గాజువాక బస్సెక్కాం. అత్త కూడా వస్తానంది. బండి గురించి ఆవిడకేం తెలుసని ఎవరూ అడగలేదు. అడగాలంటే ధైర్యం ఉండాలి.

బండి అమ్మే మైఖేల్ గారి ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డు నిండా కప్పుని తాకేంత ఎత్తున పేర్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. పెళ్లిళ్లకీ, ప్రార్థన సభలకీ ఆయన కుర్చీలు, మైకులు అద్దెకిస్తారు. వయసు యాభై దాటి ఉంటుంది. మెత్తటి మనిషి.

"వందనాలమ్మా, రండి రండి," అని ఆయన టార్పాలిన్ లాగేశారు.

తెల్లటి బండి. నేను చెబితే ఎక్కువ చేస్తున్నాననుకుంటారు గానీ, అది నవ్వింది. రెండు దీపాలూ కళ్లలా, కింద జాలీ పళ్లలా. వెనక తలుపు మీద నీలం రంగులో 'దేవుని కృప' అని రాసి ఉంది. అద్దానికి ఎప్పటిదో క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది. నేను తలుపు తీశాను, వేశాను. కిటికీ మర తిప్పాను, మళ్లీ తిప్పాను. సీటు పక్క అరలో నాలుగు పిప్పరమెంటు బిళ్లలు కనిపించాయి. హారన్ నొక్కితే మేకపిల్లలా "మే" అంది. అప్పుడే అంతా అయిపోయింది నాకు. ఇంకే బండీ చూడక్కర్లేదు.

"ఎప్పుడూ నీళ్ల సరుకు ఎక్కించలేదమ్మా," అన్నారు మైఖేల్ గారు. "చేపలు, ఉప్పు, ఐసు, అవేవీ లేవు. కుర్చీలు, మైకు సెట్లు, అంతే. చూడండి నేల, అద్దంలా ఉంది."

నిజమే. తొట్టి అడుగున పరిచిన గళ్ల రేకు తళతళలాడుతోంది. దొరబాబు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అది వెంటనే అందుకుంది. వాడి ముఖంలో పెద్ద పికప్పు కల కరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

"బావుంది కదమ్మా?" అన్నాడు తల్లితో.

అత్త బండి చుట్టూ ఒకసారి తిరిగింది. అరచేత్తో పక్కల మీద చరుస్తూ రెండోసారి తిరిగింది. తొట్టికి చెవి ఆనించి మూడోసారి తిరిగింది. తర్వాత మైఖేల్ గారి వైపు తిరిగి, "బాబూ, ఒక బకెట్టు నీళ్లిప్పించండి," అంది.

కాళ్లు కడుక్కోవడానికనుకుని ఆయన కుళాయి చూపించారు. అత్త బకెట్టు నింపి, మోసుకొచ్చి, ఆ అద్దంలాంటి నేల మీద గుమ్మరించేసింది.

"అమ్మా!" దొరబాబు తల పట్టుకున్నాడు. "ఇది పడవ కాదే!"

మీకు చెప్పాలి. మా వాళ్లు పాత పడవ కొనేముందు దాన్ని ఇసుకలో నిలబెట్టి, లోపల నీళ్లు పోస్తారు. బయట ఎక్కడ చెమ్మ తేలితే అక్కడ చిల్లు ఉన్నట్టు. మా మామ బతికున్నప్పుడు మూడు పడవలు కొన్నారు, మూడింటికీ నీళ్లు పోసింది పోతమ్మ అత్తే. ఆవిడ లెక్కలో నీళ్లు పోయకుండా ఏదీ కొనకూడదు. మా పెళ్లి చూపుల రోజున నా చేతికి చెంబిచ్చి, "మంచినీళ్లు తే," అని నేను వచ్చేదాకా నడక చూసింది. ఇప్పుడర్థమవుతోంది, అది కూడా ఆ పరీక్షే.

"పడవయితే నీళ్లు బైటికి రాకూడదు," అన్నాడు దొరబాబు, బయటివాళ్ల ముందు సిగ్గుతో చచ్చిపోతూ. "చేపల బండికి నీళ్లు బైటికి పోవాలమ్మా. ఐసు కరిగితే ఎటెల్తాది మరి?"

"అదే సూత్తన్నాను. ఎటెల్తందో," అంది అత్త, రెండో బకెట్టు తెస్తూ.

మైఖేల్ గారు పాపం నవ్వుతూనే ఉన్నారు. వెనక తలుపు సందులోంచి నీళ్లు కారి తన చెప్పులు తడుస్తాయని రెండడుగులు వెనక్కి కూడా వేశారు. మూడో బకెట్టు పోసింది. నాలుగోది పోసింది.

వెనక తలుపు దగ్గర ఒక్క చుక్క రాలేదు.

నేను చక్రం మీద కాలేసి పైకెక్కి తొట్టిలోకి చూశాను. అక్కడక్కడా తడి తప్ప నేల మీద నీళ్లు లేవు. నాలుగు బకెట్ల నీళ్లు! బయటికీ రాలేదు, లోపలా లేవు. మైఖేల్ గారి నవ్వు మెల్లగా ఆగిపోయింది.

అప్పుడు వినబడింది. టప్. టప్. డ్రైవరు సీటు వెనక మూల, చక్రం పక్కన, సిమెంటు గచ్చు మీద. తర్వాత ధారగా మొదలైంది. ఆ నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. ఆ ఇటుక రంగులో ఏదో ఒకటి గోరంత మెరుస్తూ వచ్చి గచ్చు మీద ఆగింది.

పొద్దున్న నా చేతుల నిండా మెరిసిన పొలుసుల్లాంటిదే. చూడగానే గుర్తుపట్టాను.

అత్త వంగి వేలి కొసతో దాన్ని తీసింది. వెలుతురుకి పట్టింది. వాసన చూసింది. "కవళ్లు," అంది. దొరబాబు ఇంజిన్ కట్టేశాడు.

"మైఖేల్ గారూ," అన్నాను నేను. "ఈ రేకు కింద ఇంకో రేకుంది కదండీ?"

ఆయన కుర్చీల వైపు చూశారు.

"ఏటండీ బాబూ," అంది అత్త. కోపంగా కాదు. అందుకే నాకు భయమేసింది. "సిల్లున్న పడవ అమ్మినోడ్ని నానేటీ అనను. అందరి పడవలకీ ఎప్పుడో ఒకప్పుడు సిల్లు పడతాది. సిల్లు దాసినోడ్నే అంతాను. ఆ పడవ మీద ఒకడు ఎక్కుతాడు. ఆడు ఒకమ్మ కొడుకు."

"అత్తా, ఇది రోడ్డు మీద పోయే బండి..." అన్నాను.

"రోడ్డు మీదయితే? నేల సిల్లయి ఐసు పెట్టి కిందకి జారితే ఎనకాల బండోడి మీద పడదా?"

ఇంతలో ఇంట్లోంచి ఒకావిడ వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది. చేతిలో గరిట. మైఖేల్ గారి భార్య దీవెనమ్మ. గచ్చు మీద ఎర్ర నీళ్లు చూసింది, భర్త ముఖం చూసింది. గరిట కిటికీలో పెట్టేసింది.

"నాను చెప్పాను కదండీ, చెప్పీయండి అని," అంది ఆయనతో. తర్వాత మా వైపు తిరిగింది. "చేపలు మోసిందమ్మా. ఏడాదిన్నర మోసింది. కరోనాలో పెళ్లిళ్లు లేవు, సభలు లేవు. ఈ కుర్చీలు ఇలాగే కప్పు దాకా ఉండిపోయాయి. ఈయనకి ఒంట్లో బాగోలేదు. అప్పుడు నాను తోలాను. హార్బర్లో కవళ్లు ఎక్కించుకుని సబ్బవరం, ఆ పక్క ఊళ్లూ తిరిగి అమ్మాను. మా పిల్లల చదువు ఆ కవళ్ల మీదే నడిచింది. అడుగు రేకు ఉప్పునీళ్లకి తినీసింది. దానిమీద ఈ కొత్త రేకు ఈయనే ఏయించారు."

"మీరు తోలారా?" అన్నాను. అంత గొడవలోనూ నాకు అదే వినబడింది. "మీరే? ఈ బండి?"

"మరెవరమ్మా?"

మైఖేల్ గారు చివరికి నోరు విప్పారు. "ముందు నిజమే చెప్పానమ్మా. చేపల బండి అనగానే ఒకాయన తలుపు కూడా తెరవకుండా వెళ్లిపోయాడు. ఇంకొకాయన ముక్కు మూసుకున్నాడు. నాలుగు బేరాలు అలాగే పోయాయి. ఐదో మనిషికి ఈ మాట చెప్పడం మొదలెట్టాను. ఇంక నోటికి అదే వచ్చేస్తోంది."

"మేం చేపలోళ్లమని తెలుసు కదండీ మీకు?" అన్నాడు దొరబాబు.

"తెలుసు బాబూ."

"మాకాడ చేపలు మొయ్యలేదని చెప్తే మేం సంబరపడిపోతామనా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నిజాయితీగా, "ఆలోచించలేదు బాబూ," అన్నారు.

ముందు నవ్వింది దీవెనమ్మే. ఆ తర్వాత నేను. ఆపుకోలేకపోయాను. చేపలమ్మే ఇంటికి చేపల వాసన దాచిపెట్టి బండి అమ్మాలనుకున్న మనిషి! మా అత్త కూడా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"సేప మోసిన బండని సెప్పుకోడానికి సిగ్గేటండీ?" అంది. "వేట సూడని పడవ మా కాడ ఎవడూ కొనడు. కొత్త పడవకి ఏటి తెలుస్తాది? వేట సూసిందే బేగి దారి పడతాది. ఆ మాట ముందే సెప్పుంటే నాలుగు బకెట్ల నీళ్లు మిగిలీవి."

కానీ నవ్వుతో బండి బాగుపడదు. దొరబాబు గురువులుకి ఫోన్ చేశాడు. ఆటోనగర్ అక్కడికి పక్కనే. గురువులు పది నిమిషాల్లో స్పానర్లతో వచ్చాడు, వచ్చీరాగానే మా ఆయన చేతిలో చీవాట్లు తిన్నాడు.

"కుర్చీలు తప్ప ఏటీ మొయ్యలేదన్నావు కదరా?"

"నాకలగే సెప్పారు బావా! నానేటి, బండి పొట్ట కోసి సూసానా?" అంటూనే వీపు మీద పడుకుని బండి కిందికి దూరిపోయాడు.

మేమందరం నిలబడి విన్నాం. స్పానర్‌తో కొడుతున్నాడు. టంగు. టంగు. టంగు. తర్వాత, దబ్. మళ్లీ దబ్. మళ్లీ టంగు. నేను దొరబాబు చెయ్యి పట్టుకున్నాను. ఎవరైనా చూస్తారేమో అని కూడా అనుకోలేదు. ఆ టంగులూ దబ్బులూ మా ఇద్దరి రోజుల్ని లెక్కపెడుతున్నట్టున్నాయి. టంగు అంటే సాయంత్రం ఇల్లు. దబ్ అంటే ఇరవై రోజుల సముద్రం.

గురువులు బయటికొచ్చాడు. ముఖమంతా తుప్పు రంగు.

"కింద ఇనప చట్రం ఉంది సూడు, బండికి ఎన్నుపూస లాంటిది, అది టంగుమంటంది. దానికేటీ అవలేదు. దబ్బుమంటంది తొట్టి నేలొక్కటే. రెండు రేకులూ పీకీసి, అల్యూమినియం రేకొకటి పరిసీసి, నాలుగు మూలలా నీళ్లు పోడానికి కన్నాలెట్టీస్తే పదేళ్లు సూడక్కర్లేదు. రేపు మద్దేనం తెచ్చిస్తే ఆదారం సాయంత్రానికి ఇచ్చీస్తాను."

"నేల ఖర్చు నాది," అన్నారు మైఖేల్ గారు వెంటనే. "అది నా తప్పు."

దొరబాబు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. ఇద్దరం అత్త వైపు చూశాం.

"ఇంకొక్కటుంది," అంది అత్త. "ఏ పడవయినా నీళ్లు పోసి, ఒక వేటకి తోలుకెళ్లి సూసి, అప్పుడు కొంతాం. దీన్నీ ఒక పాలి తోలి సూడాల. సరుకుతోని, ఎనక్కి, ఆ హాస్టల్ సందులోకి."

"తోలీ బాబూ," అంది దీవెనమ్మ, చీర మడతలోంచి తాళం తీస్తూ. "లైసెన్సు చూపించీసి తాళం తీసుకో. ఎంత తెలిసినోళ్లయినా నాను చూడకుండా ఇవ్వను. కార్డు ఏదీ?"

దొరబాబు ఠీవిగా పర్సు తీసి కార్డు ఇచ్చాడు. ఆవిడ కార్డుని దూరంగా పట్టుకుని చదివింది. దగ్గరగా తెచ్చుకుని చదివింది.

"ఇది మోటారు సైకిల్‌ది బాబూ."

"లైసెన్సంటే లైసెన్సే కదండీ?"

గురువులు మెల్లగా స్పానర్లు సంచిలో పెట్టుకోవడం మొదలెట్టాడు.

"కాదా?" అన్నాడు దొరబాబు. "నాను ఆరేళ్లు పడవ సుక్కాని పట్టానండి. పారదీప్ దాకా ఎల్లాను. ఒక్కడూ కార్డడగలేదు. బీచ్ రోడ్డు మీద మా వోడి ఆటో ఎన్నిసార్లు తోలానో..."

"ఎదురుగా పోలీసు రాలేదు కాబట్టి తోలావు," అంది దీవెనమ్మ.

మూడు వారాలు! చున్నీతో సందు కొలిచాం, ఐసు పెట్టెలు కొలిచాం, సీట్లు లెక్కపెట్టుకున్నాం. తోలేవాడికి కార్డుందా అని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. సముద్రంలో పుట్టి పెరిగిన వాళ్లకు తోలడమంటే చేతులకు రావడమే. మరి కొత్త కార్డు రావాలంటే రోజులు పడుతుంది. సోమవారం మూడు రోజుల్లో ఉంది. వీరన్న మామకి రేపు సాయంత్రం చెప్పాలి. దొరబాబు ముఖం అప్పుడే పడవెక్కేసినట్టు అయిపోయింది.

నేను నా బ్యాగు తెరిచాను. ముడి వేసిన చున్నీ కింద, దువ్వెన పక్కన, ఆ కార్డు ఉంది. డిగ్రీ మూడో ఏడులో నా స్నేహితురాలు డ్రైవింగ్ స్కూల్లో చేరుతూ ఒక్కతీ వెళ్లనంది. తోడుగా నేనూ చేరాను. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు పనిచేసే మా నాన్న, "కారెక్కడుందే మనకి?" అని నవ్వాడు. ఆ కార్డు ఈ నాలుగేళ్లలో పరీక్ష హాళ్ల గుమ్మాల దగ్గర తప్ప ఎక్కడా పనికి రాలేదు. అందులో ఫోటోలో నేను దెయ్యాన్ని చూసినట్టుంటాను.

దీవెనమ్మ చదివింది. ఈసారి ఒక్కసారే చదివింది.

"ఇది నడుస్తాది," అంది. "కార్లు, ఇలాంటి చిన్న బళ్లు, అన్నిటికీ."

"ధనా!" అన్నాడు దొరబాబు. అదే పేరు, కానీ అలా ఎప్పుడూ పిలవలేదు. "నీకు బండొచ్చా? నాకు చెప్పలేదేటి?"

"నువ్వెప్పుడడిగావు బావా? నీ పెద్ద పికప్పు ముక్కు గురించి వినడానికే సరిపోయింది."

మా అత్త నన్ను పై నుంచి కింది దాకా చూసింది, మళ్లీ చెంబు పట్టుకుని నడుస్తున్నట్టు. "నా కోడలు తోల్తాదా," అంది తనలో తను. ఆ తర్వాత అందరికీ వినబడేలా, "నా కోడలు తోల్తాది!" అంది.

దీవెనమ్మ తాళం నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. పిడికిలి మూసేలోపే ఆవిడ అడిగింది.

"రివర్సు బాగా వచ్చు కదమ్మా? హాస్టల్ సందు అంటున్నారు."

అవును, వచ్చు. అనేయడం ఎంత సులువు! నోటి చివరి దాకా వచ్చింది కూడా. ముందుకి నేను బాగానే నడిపేదాన్ని. వెనక్కి మాత్రం, పక్కన కూర్చున్న డ్రైవింగ్ మాస్టారు తన చేత్తో స్టీరింగు తిప్పేవారు. పరీక్ష రోజున ఎలాగో ఒక్కసారి కుదిరింది. ఆ తర్వాత నాలుగేళ్లలో నేను స్టీరింగు ముట్టలేదు. కింద గచ్చు మీద ఎర్ర నీళ్లు ఇంకా ఆరలేదు. ఆ నీళ్ల పక్కనే మా అత్త నిలబడి ఉంది.

"ఇవాళ్టికి రాదండీ," అన్నాను. "రేపటికి వచ్చేస్తుంది."

దొరబాబు కళ్లు మూసుకున్నాడు. అత్త మాత్రం నన్ను చూసి తల ఊపింది. మూడు పడవల్లో ఏ పడవ దగ్గరా అంత తృప్తిగా ఊపి ఉండదు.

"నీళ్లు పోయకుండానే సెప్పీసింది," అంది మైఖేల్ గారితో. "సూసారా?"

"ఈ సాయంత్రం బండికి పెళ్లి కుర్చీల లోడుంది," అంది దీవెనమ్మ, చీర చెంగు నడుముకి దోపుకుంటూ. "రాత్రికి వచ్చీస్తాది. రేపు తెల్లారి నాలుగింటికి ఇక్కడికొచ్చీ. మిగిలిన కుర్చీలన్నీ దించి అటో వరస ఇటో వరస పెట్టి, మీ సందు ఇక్కడే కట్టీస్తాను. ఒక్క కుర్చీ పడకుండా వెనక్కొచ్చీదాకా నిన్ను ఒదల్ను. నాకూ అలగే వచ్చింది."

"రేత్రికి మీ అమ్మోలింటికాడ పడుకుందాం, కూర్మన్నపాలెం ఇక్కడికి దగ్గరే గదా," అంది అత్త. ఆవిడ అప్పటికే రేపట్లోకి వెళ్లిపోయింది. "ఐదున్నరకి హార్బర్లో ఐసు ఎక్కించీయాల. ఆరున్నరకి మూడో హాస్టల్లో వంటామె తలుపు తీసీసరికి బండి ఎనక తలుపు గుమ్మానికి ఎదురుగా ఉండాల. ఉంటే బండి మనది. గుంటడు రాడని వీరన్నకి నానే సెప్పీస్తాను. లేదంటే ఆదారం ఆడు పడవెక్కీస్తాడు, ఇంకో మాట లేదు. కోడలు తోల్తాది. పక్క సీట్లో నాను కూకుంతాను."

"మరి నాను?" అన్నాడు దొరబాబు.

"ఎనకాల. ఐసు మీద."

నా రెండు సీట్లలో ఒకటి అలా వెళ్లిపోయింది. పోనీ. నేను బ్యాగులోంచి చున్నీ తీసి, ముడి ఎక్కడుందో వేలితో చూపించి, దీవెనమ్మ చేతిలో పెట్టాను.

"రేపు కుర్చీల మధ్య సరిగ్గా ఇంతే ఉండాలండీ," అన్నాను. "నా మీద జాలిపడి ఒక్క వేలెడు కూడా ఎక్కువ పెట్టొద్దు."